ప్యాకెట్టుకో పాకెట్టు

ఆ అమ్మాయిని ఇంటా బయటా అందరూ సూది అనే పిలుస్తారు. సన్నగా ఉంటుంది కాబట్టి అని కొందరంటారు, చూపు గుచ్చుకుంటుంది కాబట్టి అని కొందరంటారు. అసలు సంగతి వాళ్ళ అమ్మకూ అమ్మమ్మకూ మాత్రమే తెలుసు. ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు కుట్టు కొట్టులో సూది పోయిందని తల్లీ అమ్మమ్మా నేలంతా తడుముతుంటే, అంతసేపూ గుమ్మంలో కూర్చుని చూసి, చివరికి లేచి వెళ్ళి అమ్మమ్మ కొప్పులోంచి సూది తీసి చేతిలో పెట్టింది.

"ఎప్పుడు చూశావే?" అంది అమ్మమ్మ.

"నువ్వు పెట్టుకున్నప్పుడే."

"మరి ఇంతసేపూ చెప్పవేం?"

"నన్నడగలేదుగా."

చూడటం అలా పుట్టుకతో వచ్చింది గానీ, చెప్పడం మాత్రం ఆమెకు ఎప్పటికీ పట్టుబడలేదు. దానికి కుట్టుపని కూడా తోడైంది. గుడ్డ మడత పెట్టేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పట్టుకోవడం ఆ ఇంట్లో అలవాటు. నోట్లో అరడజను గుండుసూదులు ఉంటే ఎంత వాగుడుకాయైనా ఏం మాట్లాడుతుంది? "ఊఁ", "ఊఁహూఁ" అనే రెండు మాటలతో సూది ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చింది.

తొమ్మిదో తరగతి సగంలో ఉండగా అమ్మమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. కాజాలు కుట్టే చెయ్యి ఆగిపోతే చొక్కాలన్నీ గుండీలు పెట్టుకోలేక నోళ్ళు తెరుచుకుని వేలాడసాగాయి. సూది బడి మాని కాజాల ముందు కూర్చుంది. అమ్మమ్మ కళ్ళు ఏడాదిన్నరకు బాగయ్యాయి. ఈలోపు తోటి పిల్లలు రెండు తరగతులు పైకి వెళ్ళిపోయారు. తనకన్నా చిన్నవాళ్ళ మధ్య తాటిచెట్టులా కూర్చోవడానికి సిగ్గుపడి సూది మళ్ళీ బడి గడప తొక్కలేదు. "సగంలో వదిలిన చొక్కా ఎవరు తొడుక్కుంటారే?" అని తల్లి ఎప్పుడైనా అంటే, సూది నోట్లో ఇంకో గుండుసూది పెట్టుకునేది.

కుట్టు కొట్టు పక్క భవనంలో మూడో అంతస్తులో ఒక చిన్న కంపెనీ ఉంది. పరుగు పందాలకు టైము కొలిచే పెట్టెలు తయారుచేస్తారు. అక్కడ పనిచేసే ఒకాయన ఒకరోజు ప్యాంటు కింద మడత వేయించుకోవడానికి కొట్టుకొచ్చాడు. ఆయన చంకలో సంచీ, సంచీలో పాముల పుట్టలా చిక్కుపడిన తీగలు. ఆయన ఆ తీగల్ని విడదీయడానికి గింజుకుంటూ కూర్చున్నాడు. సూది ప్యాంటు కుట్టి ఇచ్చి, ఆ మోపు అందుకుని, దారపు ఉండ విప్పినట్టు రెండు నిమిషాల్లో విప్పి, ఏ తీగకు ఆ తీగ చుట్టి ఇచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు.

"అమ్మా, ఈ అమ్మాయిని మాకిచ్చేయండి" అన్నాడాయన.

"ఇవ్వడానికి అదేం గుండీయా?" అంది తల్లి. కానీ ఆ మాట అంటూనే కూతురి ముఖం చూసింది. సూది గుండుసూదులన్నీ నోట్లోంచి తీసి దిండుకు గుచ్చేసి ఉంది. ఇంకేం చెప్పాలి?

ఆయన్ని కంపెనీలో గింజన్న అంటారు. కంప్యూటరు లోపల ఎవరికి ఏ పని, ఎంత చోటు అని పంచిపెట్టే ఇంటిపెద్ద లాంటి ప్రోగ్రాము ఒకటుంటుంది. దాన్ని కెర్నెల్ అంటారు. ఆ మాటకు డిక్షనరీలో ఎవరో అర్థం వెతికితే 'గింజ' అని ఉందట. వాళ్ళ పెట్టెల కోసం ఆ కెర్నెల్ని కోసి కుట్టేది ఆయనే. పైగా పొద్దస్తమానం దానితో గింజుకుంటూనే ఉంటాడు. ఇంక వేరే పేరెందుకు?

మేనేజరుది మరో కథ. సెలవడిగినా "చూద్దాం", ఫ్యాను తిరగడం లేదన్నా "చూద్దాం", బాగున్నారా అన్నా "చూద్దాం". అందుకని ఆయన చూద్దాం సార్ అయ్యాడు. మాటకే కాదు, నిజంగానే ఆయనకు అన్నీ చూడాలి. గది చివర గాజు తలుపు వెనక కూర్చుని తన తెర మీద అందరి పనీ చూస్తుంటాడు. సూది చేరిన రోజు, "మూడు నెలలు పని చెయ్యి. ఆ తర్వాత ఉంచడమా లేదా అనేది, చూద్దాం" అన్నాడు.

ఆ మొదటి రోజే ఆమె పరువు పోయేంత పనైంది. చూద్దాం సార్ గబగబా పని చెప్పేశాడు: "చూడమ్మా, లోపలికొచ్చే ప్రతి పాకెట్టు మీదా టైము స్టాంపు పడుతుంది. గేటు దగ్గరే పడాలి. అదే మన ప్రాణం." సూది బుద్ధిగా తలూపింది. మధ్యాహ్నం దాకా అందరి చొక్కాల జేబులు పరిశీలించింది. ఒకరి జేబు మీద సిరా మరక ఉంది, ఒకరి జేబు అంచు విడిపోయింది, స్టాంపు మాత్రం ఎవరికీ లేదు. చివరికి గింజన్న దగ్గరకెళ్ళి, చెవిలో చెప్పినట్టు అడిగింది.

"అన్నా, మీ చొక్కాకి అసలు పాకెట్టే లేదు కదా. మీరు లోపలికి రాగానే స్టాంపు ఎక్కడ వేస్తారు?"

గింజన్న నవ్వి నవ్వి దగ్గొచ్చి, నీళ్ళు తాగి, ఆ నీళ్ళు ముక్కులోకెక్కి మళ్ళీ దగ్గి, కళ్ళు తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు. అది పాకెట్టు కాదు, ప్యాకెట్టు. కంప్యూటర్లు ఒకదానికొకటి పంపుకునే కబుర్లు చిన్నచిన్న మూటలుగా తీగలో వెళ్తాయి, వాటి పేరు ప్యాకెట్లు. తీగ వచ్చి తగిలే చోట ఒక కార్డు ఉంటుంది. దానికి సొంత గడియారం ఉంటుంది. మూట గడప దాటిన క్షణాన్నే కార్డు ఆ టైము రాసి మూటకు జతచేస్తుంది. అది లోపలికెళ్ళాక ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, గడప దాటిన టైము దాని దగ్గరే ఉంటుంది.

"మనవాళ్ళందరూ పాకెట్టు అనే పిలుస్తారులే, నీ తప్పేం లేదు" అన్నాడు. కానీ వారం రోజుల పాటు గదిలో ఎవరెదురొచ్చినా జేబు చూపించి "స్టాంపు వెయ్యి తల్లీ" అనేవాళ్ళు. సూది సిగ్గుతో కుంచించుకుపోయింది గానీ, రాత్రి పక్క మీద పడుకుని తనలో తను నవ్వుకుంది. అలా నవ్వుకునే పని దొరకడం ఆమెకు అదే మొదలు.

ఇంతకీ ఆమె పనేమిటంటే, తీగలు గుచ్చడం, అంకెలు చూడటం. గదిలో ఒక మూల తుపాకీ పెట్టె ఉంటుంది, అంటే పరుగు మొదలైందని చెప్పేది. ఇంకో మూల గీత పెట్టె, అంటే గీత దాటారని చెప్పేది. మధ్యలో వంద మీటర్ల తీగ చుట్ట. తుపాకీ పెట్టె నుంచి బయలుదేరిన ప్యాకెట్టు ఆ చుట్టంతా తిరిగి గీత పెట్టెకు చేరుతుంది. రెండు పెట్టెల నుంచీ చెరో తీగ పరీక్ష కంప్యూటరుకు వస్తుంది. ఎడమ రంధ్రంలో గుచ్చిన తీగ 'బయలుదేరింది' అని, కుడి రంధ్రంలో గుచ్చిన తీగ 'చేరింది' అని చెబుతుంది. చేరిన టైములోంచి బయలుదేరిన టైము తీసేస్తే తెర మీద ఒక అంకె పడుతుంది. చుక్క తర్వాత ఆరు సున్నాలు, ఆ తర్వాత అయిదు. రోజుకు వందసార్లు అదే అంకె. ఇంకెవరికైనా పిచ్చెక్కేది. సూదికి మాత్రం కుట్టు కుట్టుకీ ఒకే దూరం పడ్డ అంచులా ముద్దొచ్చేది.

మూడు నెలలు నిండటానికి నాలుగు రోజులుందనగా, సోమవారం పొద్దున, ఆ అంకె తిరగబడింది. ముందు మైనస్ గుర్తు. అంటే ప్యాకెట్టు బయలుదేరకముందే చేరిపోయింది.

చూద్దాం సార్ గాజు తలుపు తోసుకుని వచ్చాడు. "ఏంటిది? పరుగు మొదలెట్టకముందే గెలిచేశాడా? ఎవరమ్మా వీడు, వీడి కాళ్ళెక్కడ, దండం పెట్టుకుంటాను! గురువారం పది గంటలకు స్టేడియం వాళ్ళు చూడ్డానికొస్తున్నారు, తెలుసా?"

సూది తెర వైపు చూసింది. మళ్ళీ ఆరు సున్నాల అయిదు. బుద్ధిగా ఉంది.

"ఇందాక తిరగబడింది, నా కళ్ళతో చూశాను" అన్నాడు సార్. "రెండు తీగలూ అటుది ఇటు గుచ్చి ఉంటావ్. నేను లేచేసరికి సర్దేశావ్."

"ఊఁహూఁ" అంది సూది.

"ఊఁహూఁ ఏంటి ఊఁహూఁ? తీగలు ముట్టేది నువ్వొక్కదానివే. గురువారం దాకా ఇంకొక్కసారి తిరగబడిందా, నీ సంగతి..." అని ఆగాడు. అందరూ 'చూద్దాం' కోసం ఎదురుచూశారు. "ఇంక చూసేదేం లేదు. కుట్టుమిషను దగ్గరికే" అన్నాడు.

ఆయన చూద్దాం అనకపోవడం ఆ గది పుట్టాక అదే మొదలు. దాంతో ఆ మాట ఎంత గట్టిదో అందరికీ అర్థమైంది.

సాయంత్రం కొట్టులో సూది ముఖం చూసి తల్లి మిషను ఆపింది. సంగతంతా రాబట్టడానికి అరగంట పట్టింది.

"పంపకముందే చేరిందా?" అంది అమ్మమ్మ. "అందులో వింతేముందే? మీ అమ్మ చిన్నప్పుడు నేను పిలవకముందే 'ఏంటీ' అని అరిచేది."

"నువ్వుండమ్మా" అని తల్లి కసిరి, కూతురి వైపు తిరిగింది. "తీగలు నువ్వు మార్చావా?"

"లేదు."

"మరి ఆ మాట గట్టిగా చెప్పవేం?"

"చెప్పడం రాదమ్మా నాకు."

"రాకపోతే మానెయ్. చొక్కా బిగుతైందని వచ్చినవాడితో మనం ఏనాడైనా వాదించామా? కొలతల పుస్తకం తెరిచి ముందు పెడతాం. 'ఇదిగో బాబూ ఆ రోజు మీ నడుము, ఇదిగో ఈ రోజు మీ నడుము' అంటాం. నోరు లేనివాళ్ళకు పుస్తకమే నోరు." అని సొరుగులోంచి కొత్త కొలతల పుస్తకం ఒకటి తీసి విసిరింది. "బడి సగంలో వదిలావ్, సరే. అది నా వల్ల. ఇది మాత్రం ఎవడో ఏదో అన్నాడని వదిలి వచ్చావో, ఈ గుమ్మంలో నిలబెట్టి నీకే చేతులు కుట్టేస్తా."

మంగళవారం సూది ప్రతి పరీక్షకూ ఒక గీత రాసింది. మామూలుగా కొలతలు రాసుకునే పద్ధతే. టైము, అంకె, అప్పుడు తన చెయ్యి ఎక్కడుంది, గదిలో ఎవరు ఏం చేస్తున్నారు. అక్షరాలు తక్కువ, గుర్తులు ఎక్కువ. ఫ్యాను తిరిగితే చిన్న సున్నా. గింజన్న గింజుకుంటే చుక్క, అంటే ప్రతి గీతలోనూ చుక్కే. ఎవరైనా తలుపు తీస్తే అడ్డగీత.

సాయంత్రానికి పదకొండుసార్లు అంకె తిరగబడింది, తన తెరలో మునిగిపోయిన సార్ కంట మాత్రం పడలేదు. పదకొండుసార్లూ ఆమె చెయ్యి ఒళ్ళోనే ఉంది. ఇంకో సంగతి కూడా కనిపించింది. తిరగబడ్డ అంకె ఆరు సున్నాల అయిదు కాదు. చుక్క తర్వాత రెండే సున్నాలు, ఆ తర్వాత మూడో, మూడుకు దగ్గరదో. తీగలు తారుమారైతే అదే అంకెకు మైనస్ తగలాలి గాని, అంకె మారడమెందుకు? ఇది నూలుపోగంత తేడా కాదు, బారెడు తేడా.

పదకొండు గీతల పక్కనా ఒక గుర్తు ఉమ్మడిగా ఉంది. అది చూద్దాం సార్ కుర్చీ. ఆయన ముందుకు వంగితే అది 'కీచ్' మంటుంది. కీచ్ మన్నప్పుడల్లా కాలం వెనక్కి నడుస్తోంది.

సూది పుస్తకం మూసింది. మళ్ళీ తెరిచింది. కుర్చీకీ కాలానికీ సంబంధమేమిటి? ఈ మాట ఎవరికి చెబితే నమ్ముతారు? తనకే నవ్వొస్తోంది. ఆ నవ్వు ఆపుకోలేక కింద పడ్డ పెన్ను కోసమన్నట్టు బల్ల కిందకు దూరి అక్కడ కాసేపు ఉంది.

బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళగానే ఆమె ఒక సాహసం చేసింది. పరీక్ష నడవనిచ్చి, గాజు గదిలోకి వెళ్ళి, చూద్దాం సార్ కుర్చీలో కూర్చుని ముందుకు వంగింది. కీచ్. తలుపులోంచి మెడ సాచి తన తెర చూసింది. ఆరు సున్నాల అయిదు. ఇంకాస్త గట్టిగా వంగింది. కీచ్. మార్పు లేదు. వెనక్కి, ముందుకి, పక్కకి ఊగింది. కీచ్, కీచ్, కీచ్. ఏం లేదు.

"హాయిగా ఉందా?" అని వినపడింది.

చూద్దాం సార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో ఖాళీ కళ్ళజోడు డబ్బా. కళ్ళజోడు బల్ల మీదే మరిచిపోయి వెనక్కొచ్చినట్టున్నాడు.

సూది లేవబోయింది. కుర్చీ మళ్ళీ కీచ్ మంది. ఆ చప్పుడుకు ఆమెకు ఎక్కడలేని నవ్వూ పొంగుకొచ్చింది. భయంతో వచ్చే నవ్వుకు అణచిన కొద్దీ బలమెక్కువ. ముఖం ఎర్రగా చేసుకుని, "ఊఁ" అని మాత్రం అనగలిగింది.

"రేపటికి ఈ కుర్చీ నాదేనా, లేక ఇంకెవరినైనా అడగాలా?" అన్నాడు సార్. "వెళ్ళమ్మా వెళ్ళు. రేపు తీగలు నేనే గుచ్చుకుంటాను. నువ్వు ముట్టకు." బల్ల మీది కళ్ళజోడు తీసి తగిలించుకుని, స్టేడియం వాళ్ళ ఏర్పాట్లు చూడాలని బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా మళ్ళీ రాలేదు.

సూది నేరుగా గింజన్న బల్ల దగ్గరకు వెళ్ళింది. అప్పుడే లోపలికొచ్చిన ఆయన రొట్టెముక్క నోట్లో పెట్టుకోబోతున్నాడు.

"అన్నా, సార్ కుర్చీలో ముందుకి వంగినప్పుడు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాడు, చూస్తాడు."

"దేంతో?"

"దేంతో ఏంటి, స్టేడియం వాళ్ళొస్తున్నారని సోమవారమే ఆయనకో చూపుల కిటికీ పెట్టిచ్చాను కదా. అది తెరిస్తే వచ్చే ప్యాకెట్లన్నీ ఆయన తెర మీద కనపడతాయి. అది కూడా చేరేవైపే చూస్తాడు. 'బయలుదేరినవాళ్ళు ఎవడిక్కావాలయ్యా, చేరినవాళ్ళదే గెలుపు' అని..."

ఆయన చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. సూది కొలతల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. పదకొండు కీచులు. గింజన్న రొట్టె కింద పెట్టి, పుస్తకం చూసి, సూదిని చూసి, తల మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"చచ్చాం తల్లీ. ఒకటే జేబు!"

"జేబా?"

"జేబే. నీ పాకెట్టే! విను. ప్యాకెట్టు లోపలికి రాగానే కెర్నెల్ దానికో చొక్కా తొడుగుతుంది. ఎక్కడ్నుంచొచ్చింది, ఎటెళ్ళాలి, పొడవెంత, అన్నీ ఆ చొక్కా మీదే ఉంటాయి. టైము చీటీకి ఒక్కటే జేబు. గడప దగ్గర కార్డు రాసిచ్చిన చీటీ అందులోనే ఉంటుంది. సరేనా? ఎవరైనా చూపుల కిటికీ తెరిచారనుకో, చూసేవాళ్ళకి టైము చెప్పాలి కదా అని కెర్నెల్ కూడా తన గోడ గడియారం, అంటే కంప్యూటరు సొంత టైము, చూసి ఇంకో చీటీ రాస్తుంది. రాసి ఎక్కడ పెడుతుంది?"

"అదే జేబులో."

"ముందున్న చీటీ?"

"తీసి పారేసి..." సూది కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ గోడ గడియారం వెనకబడి ఉందా?"

"కార్డు గడియారం కంటే వెయ్యో వంతుల్లో మూడు వెనక. బయలుదేరిన చీటీ కార్డుది, చేరిన చీటీ గోడ గడియారంది. ఇంక చేరకేం చేస్తుంది, నిన్ననే చేరుతుంది!"

"అంత తెలివితక్కువగా ఎవరు కుట్టారన్నా ఆ చొక్కా?"

గింజన్న కాసేపు కిటికీలోంచి ఆకాశం చూశాడు. "నేనే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఒకేసారి పకపకా నవ్వారు. సార్ చూస్తేనే తప్పు జరుగుతుంది, చూడకపోతే అంతా సవ్యం. "దిష్టంటే ఇదే తల్లీ" అన్నాడు గింజన్న.

"అయితే ఇంకో జేబు కుట్టేయండి" అంది సూది, అదేదో కొట్టులో మాటన్నంత తేలిగ్గా.

"అదే కుదరదు. ఆ చొక్కాని కంప్యూటరు మెమరీలో ఒక్క పెట్టెలో సరిగ్గా ఇమిడేలా కోశాను. సెకనుకి లక్షల చొక్కాలు మడతపెట్టి తీయాలి. ఒక్క నూలుపోగు పెరిగినా ఒక పెట్టె పట్టదు, ప్రతిదానికీ రెండు పెట్టెలు తెరవాలి. పనంతా నత్తనడకైపోతుంది."

సూది కిందకు చూసింది. గింజన్న ప్యాంటు అంచు. ఆమె కుట్టిందే.

"అన్నా, ఆ ప్యాంటు కింద మడతలో ఎంత గుడ్డ వదిలానో తెలుసా? రెండు అంగుళాలు. ఎప్పుడైనా పొడవు పెంచాల్సొస్తే పనికొస్తుందని. బయటికి కనపడదు, మీరు నడుస్తుంటే బరువూ తెలీదు. ప్యాకెట్టుకి అలా కింద మడత ఉండదా?"

గింజన్న కుర్చీని తెర వైపు తిప్పాడు. వేళ్ళు టకటకలాడాయి. కాసేపటికి నెమ్మదిగా అన్నాడు. "ఉంది. మూటలో కబురు ముగిశాక, చివర్న, చిల్లర సామాన్లు పెట్టుకోవడానికని కెర్నెల్ ఎలాగూ కాస్త చోటు అట్టేపెడుతుంది. అందులో సగం ఖాళీ. చొక్కా పెరగదు, పెట్టె పెరగదు. కార్డు చీటీ ఆ మడతలో. గోడ గడియారం చీటీ పై జేబులో. ఎవరి చీటీ వాళ్ళది. చొక్కాకి నకలు తీసి పదిమందికిచ్చినా మడత అందరికీ ఒక్కటే, కాబట్టి చీటీ పోదు." ఆయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. "నేను పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, తెలుసా? నా ప్యాంటు కిందకి ఒక్కసారి కూడా చూసుకోలేదు."

నాలుగున్నరకు కొత్త కెర్నెల్ తయారైంది. సార్ లేడు కాబట్టి గింజన్నే తన చూపుల కిటికీ తెరిచి కూర్చున్నాడు. సూది అంకె చూసింది. ఆరు సున్నాల అయిదు. కిటికీ మూశాడు, అయిదు. తెరిచాడు, అయిదు. మూశాడు, తెరిచాడు, మూశాడు. సూది ప్రతిసారీ "అయిదు!" అని అంటూ, చివరికి ఆ అయిదుకి పాట కట్టినంత పని చేసింది. పక్క బల్లల వాళ్ళు, నోరు విప్పని పిల్ల ఇంత గట్టిగా అంకెలు చదవడమేమిటని లేచి వచ్చారు.

గురువారం పది గంటలకు స్టేడియం నుంచి ఒక మేడమ్ వచ్చింది. తెల్లజుట్టు, పరుగు బూట్లు, నడక కాదు, ప్రతి అడుగూ పందెమే. "నేను ఒకప్పుడు రెప్పపాటు తేడాతో రెండోదాన్నయ్యాను" అంది కూర్చోకుండానే. "ఆ రెప్ప ఎవరిదో ఈ రోజుకీ తెలీదు. అందుకే మీ పెట్టె బాగా చూస్తాను."

చూద్దాం సార్ తనే తీగలు పట్టుకుని బల్ల కింద వంగాడు. గింజన్న ఆయనకు నిన్నటి మార్పు సంగతి చెప్పబోతే, "తర్వాత, తర్వాత" అని చెయ్యి ఊపాడు. సూది గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో కొలతల పుస్తకం.

సార్ లేచాడు, చేతులు దులుపుకున్నాడు, మీట నొక్కాడు.

చుక్క, ఆరు సున్నాలు, అయిదు. ముందు మైనస్.

మేడమ్ కనుబొమలు పైకి లేచాయి. "మొదలుపెట్టకముందే చేరిందే. నా రోజుల్లో ఈ పెట్టె ఉంటే నేనే గెలిచేదాన్ని."

చూద్దాం సార్ ముఖం కందగడ్డైంది. మెల్లగా సూది వైపు తిరిగాడు. "ఏం చేశావమ్మా?"

గదంతా ఆమె వైపు చూసింది. సూది కొలతల పుస్తకాన్ని గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు మాట్లాడకపోతే సాయంత్రానికి కాజాల ముందుంటుంది. కానీ ఆమె కళ్ళు సున్నాలు లెక్కపెట్టేశాయి. ఆరు. రెండు కాదు, ఆరు. ఆమె పెదాల మీద నవ్వు తోసుకొచ్చింది. ఆ నవ్వుతో పాటే మాటా వచ్చేసింది.

"సార్, తీగలు తారుమారయ్యాయి. ఎడమది కుడికి గుచ్చారు."

"నేనా? మరి సోమవారం తిరగబడింది?"

"అప్పుడు రెండు సున్నాల మూడు సార్. ఇప్పుడు ఆరు సున్నాల అయిదు. అంకె అదే ఉండి మైనస్ పడితే తీగ తప్పు. అంకే మారిపోతే..." పుస్తకం తెరిచి పదకొండు కీచులూ చూపించింది. "అది మీ చూపు సార్. ఇది మీ చెయ్యి."

ముందు నవ్వింది మేడమ్. బూట్లు నేలకేసి కొట్టి మరీ నవ్వింది. గింజన్న బల్ల మీద తల పెట్టేశాడు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని చూసి నవ్వుతున్నారో ఎవరికీ తెలియలేదు. ఆ నవ్వుల మధ్యే సూది బల్ల కిందకు దూరి, రెండు తీగలూ మార్చి గుచ్చి, పైకి లేచింది. మైనస్ పోయింది.

గింజన్న కళ్ళు తుడుచుకుంటూ ఒకటే జేబు సంగతీ, అడుగు మడత సంగతీ చెప్పాడు. "మడత ఆలోచన ఈ అమ్మాయిదే" అన్నాడు. మేడమ్ అంతా విని, "అయితే ఇప్పుడు మీరు వెళ్ళి చూడండి" అంది చూద్దాం సార్‌తో.

"నేనా?" ఆయన బెదిరిపోయాడు. "చూడొచ్చా?"

"చూడాలి. మీరు చూసినా చెడకుండా ఉంటేనే నేను తీసుకుంటాను."

చూద్దాం సార్ గాజు గదిలోకి వెళ్ళాడు. జన్మలో మొదటిసారి భయం భయంగా కుర్చీలో కూర్చున్నాడు. చూపుల కిటికీ తెరిచాడు. ముందుకు వంగాడు.

కీచ్.

అందరూ సూది వైపు తిరిగారు. ఆమె తెర చూసి, గొంతెత్తి, వీధి చివరికి వినపడేలా అరిచింది. "అయిదు!"

మేడమ్ వెళ్ళేముందు పెట్టెలు తీసుకుంటామని సంతకం చేసిచ్చి, సూది భుజం తట్టి, "ఈ అమ్మాయిని వదులుకోకండి. రెప్ప ఎవరిదో చెప్పే మనిషి ఈమే" అంది.

ఆమె వెళ్ళాక గది సద్దుమణిగింది. గింజన్న దగ్గి అన్నాడు, "సార్, రేపటికి సూదికి మూడు నెలలు నిండుతాయి. ఇంతకీ ఉంచుతున్నామా?"

సార్ అలవాటుగా నోరు తెరిచాడు. "చూ..."

"వద్దు సార్! చూడొద్దు!" అని గదంతా ఒక్కసారి గోలెత్తింది.

ఆయన ఆ మాటను గుటకేసి మింగాడు. అది దిగడానికి కాస్త టైము పట్టింది. "ఉండమ్మా. ఉండిపో" అన్నాడు చివరికి. తర్వాత ఆ కుర్చీని స్వయంగా దొర్లించుకొచ్చి సూది బల్ల ముందు పెట్టాడు. "ఇది నువ్వే ఉంచుకో. అది కీచుమన్నప్పుడల్లా మీరందరూ నన్నే చూస్తారు, నాకు సిగ్గు."

సాయంత్రం కొట్టు గుమ్మంలోనే సూది మొదలుపెట్టింది. మిషను చప్పుడు మీద, అమ్మమ్మ ప్రశ్నల మీద, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయింది. తల్లి కుట్టు ఆపి వింది. చాలాసేపటికి అమ్మమ్మ కూతురి చెవిలో, "దీని నోట్లో మళ్ళీ ఆ గుండుసూదులు పెట్టవే" అంది.

ఆ కుర్చీ ఇప్పటికీ సూదిదే. దానికి నూనె పెడతామని ఎవరైనా వస్తే ఆమె ఒప్పుకోదు.